మోట బావి చెప్పే పని లెక్క

భౌతిక శాస్త్రంలో పని అంటే బలాన్ని, ఆ బలం దిశలో వస్తువు జరిగిన దూరంతో గుణిస్తే వచ్చేది. పాఠ్యపుస్తకం దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేసి ముందుకు పోతుంది. పిల్లలు సూత్రం బట్టీపడతారే గాని, పని తగ్గడానికీ బలం తగ్గడానికీ ఉన్న తేడా వాళ్లకు అందదు. ఆ తేడా పట్టుకోవాలంటే మోటను మించిన పాఠం లేదు. తెలంగాణలో మోట అన్నా, రాయలసీమలో కపిల అన్నా ఏర్పాటు ఒకటే. బావి మీద గిలక, దాని మీదుగా మోకు, మోకు చివర తోలు బొక్కెన, గట్టు నుంచి కిందికి వాలుగా తీసిన దారిలో ఎద్దుల జత. 10 మీటర్ల లోతు నుంచి 100 లీటర్ల నీళ్లు పైకి రావాలనుకుందాం. వంద కిలోలను 9.8తో గుణిస్తే 980 న్యూటన్ల బరువు, దాన్ని పదితో గుణిస్తే 9,800 జౌళ్ల పని. గిలక ఇందులో ఒక్క జౌలు కూడా తగ్గించదు, లాగే దిశను మాత్రమే మారుస్తుంది. నిలువునా ఎత్తాల్సిన బరువును ఎద్దులు నడుస్తూ లాగగలగడం దాని చలవే.

అసలు తెలివి ఆ వాలులో ఉంది. ఎద్దుల జత 600 కిలోలనీ, దిగేటప్పుడు అవి మీటరున్నర కిందికి వస్తాయనీ అనుకుంటే, వాటి ఒంటి బరువే 8,820 జౌళ్లు ఇస్తుంది. కండలు లాగాల్సింది మిగిలిన 980 మాత్రమే. మోట తోలేవాడు దిగేటప్పుడు మోకు మీద కూర్చునేది కూడా ఇందుకే, తన బరువునూ ఆ లెక్కలో కలపడానికి. అయితే ఇది ఉచితంగా వచ్చింది కాదు. బొక్కెన ఖాళీ అయ్యాక ఎద్దులు వెనక్కి నడుస్తూ అదే మీటరున్నర ఎక్కాలి, 8,820 జౌళ్లు అప్పుడు చెల్లించాలి. మొత్తం మళ్లీ 9,800 జౌళ్లే. మోట పనిని తగ్గించలేదు, రెండు విడతలుగా పంచింది. ఏతాం తొక్కడంలోనూ ఇదే సూత్రం: దూలం మీద మనిషి ముందుగా ఎక్కిన ఎత్తే తర్వాత నీళ్లను లేపుతుంది.

గిలక రాపిడి, తోలు బొక్కెన బరువు వదిలేసిన లెక్క ఎవరికి కావాలని అడగవచ్చు. ఈ అంకె కనీస ఖర్చు. ఇంతకన్నా ఎంత ఎక్కువైతే అంత గిలకలోనో మోకులోనో వృథా అవుతున్నట్టు, కందెన ఎక్కడ వేయాలో చెప్పేది ఆ తేడానే. ఇంకో అభ్యంతరం బరువైనది. నెత్తిన గంపతో చదును బాటలో నడిచే కూలీ చేసే పని సున్నా అని శాస్త్రం చెప్పడం అన్యాయం కాదా? ఆమె బలం పైకి, ప్రయాణం అడ్డంగా ఉన్నాయి, అందుకే గంపకు శక్తి చేరలేదు, అంతవరకే ఆ మాటకు అర్థం. కండరాల లోపల కరిగే శక్తి వేరే ఖాతా. దాన్ని ఈ సూత్రంతో కొలవకూడదు, కూలి రేటు అసలే కట్టకూడదు.

ఒక యూనిట్ కరెంటు 36 లక్షల జౌళ్లు. నష్టమేమీ లేకపోతే దానితో ఆ 10 మీటర్ల బావి నుంచి 367 బొక్కెనలు తోడవచ్చు. అదే నీటిని 100 మీటర్ల లోతు బోరు నుంచి తీయాలంటే, అదే యూనిట్‌కు వచ్చేవి 36 బొక్కెనలే.