అంగుళం ఎత్తు కోసం

స్పోర్ట్ టూరింగ్ బైకు మలుపుల్లో చురుగ్గా ఒరగాలి. రోజంతా నడిపినా మనిషిని అలసిపోనివ్వకూడదు. ఈ రెండింటికీ పేచీ వచ్చేది హ్యాండిల్ దగ్గరే. మొదటిదానికి హ్యాండిల్ కిందికి, ముందుకు ఉండాలి. రెండోదానికి పైకి, వెనక్కి రావాలి. కంపెనీ ఈ రెంటి మధ్య ఎక్కడో ఒకచోట రాజీపడి బిగిస్తుంది. ఆ రాజీ అందరి నడుముకూ నప్పదు.

యమహా ఎఫ్‌జేఆర్1300 సంగతే తీసుకుందాం. 2001లో యూరప్‌లో అమ్మకానికి వచ్చింది. 1298 సీసీ ఇంజను, చెయిన్ బదులు షాఫ్టు, 25 లీటర్ల ట్యాంకు. దూరాలు తినడానికే పుట్టిన బండి. 24 గంటల్లో 1,000 మైళ్లు, అంటే 1,609 కిలోమీటర్లు నడిపినవారికి అమెరికాలోని ఐరన్ బట్ అసోసియేషన్ ‘శాడిల్‌సోర్ 1000’ గుర్తింపు ఇస్తుంది. అలాంటి సవారీలు చేసేవాళ్లకు ఇష్టమైన బళ్లలో ఇదొకటి. 2006 మోడల్ నుంచి హ్యాండిల్‌ను మూడు స్థానాల్లో మార్చుకునే వీలును యమహాయే కల్పించింది. అయినా చాలక, దాని కింద రైజర్లు వేయించుకున్నవాళ్లు ఉన్నారు.

రైజర్ అంటే చిన్న అల్యూమినియం దిమ్మ. హ్యాండిల్‌కూ, ఫోర్కు పైభాగాన్ని పట్టి ఉంచే పలకకూ మధ్యన కూర్చుంటుంది. సాధారణంగా 20 నుంచి 40 మిల్లీమీటర్ల దాకా ఎత్తు పెంచుతుంది. కొన్ని రకాలు హ్యాండిల్‌ను వెనక్కి కూడా జరుపుతాయి.

ఆ కాస్త ఎత్తు కోసం ఇంత తాపత్రయం ఎందుకు? హైవే మీద ఎదురుగాలి ఛాతీని కొంత మోస్తుంది. అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఆ గాలి ఉండదు కాబట్టి ఒంటి పైభాగం బరువు అరచేతుల మీద పడుతుంది. అరచేతిలో చిటికెన వేలి వైపు వెళ్లే అల్నార్ నరం నలిగితే చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతాయి. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిరెక్కాయంటే మణికట్టు వంగి మీడియన్ నరం మీద ఒత్తిడి పడుతోందని అనుమానించాలి. ఈ రెండో బాధకు చాలాసార్లు రైజరే అక్కర్లేదు. బ్రేకు, క్లచ్ లీవర్లను కాస్త తిప్పి, ముంజేయి, మణికట్టు, వేళ్లు ఒకే గీతలోకి వచ్చేలా చేస్తే చాలు. మంచి మెకానిక్ ముందు ఇదే చేసి చూస్తాడు. పైసా ఖర్చు లేని పని.

రైజర్ తప్పదనుకున్నాక అసలు పని మొదలవుతుంది. ట్యాంకు మీద మందపాటి గుడ్డ పరవాలి, ఎందుకంటే డాట్ 4 బ్రేక్ ఆయిల్ పడితే రంగు లేచిపోతుంది. దిమ్మ 25 మిల్లీమీటర్లయితే బోల్టు కూడా అంత పొడవు పెరగాలి. 8 ఎంఎం బోల్టు అల్యూమినియం మరలోకి కనీసం 12 మిల్లీమీటర్లు దిగితేనే పట్టు నమ్మదగ్గది. కిట్‌తో వచ్చిన బోల్టును స్కేలుతో కొలిచి చూసుకోవడంలో నామోషీ ఏమీ లేదు. మరకు నీలం రంగు లాక్‌టైట్ చుక్క వేసి, మాన్యువల్‌లోని లెక్క ప్రకారం టార్క్ రెంచ్‌తో బిగించాలి. చివర్లో బోల్టు తల మీదుగా పలక మీదికి పెయింటుతో సన్నని గీత గీస్తే, తర్వాత బోల్టు వదులైనప్పుడు ఆ గీత తప్పి కంటికి కనబడుతుంది.

బిగించడంతో పని సగమే అయింది. హ్యాండిల్ ఒంటరిగా పైకి రాదు. బ్రేకు గొట్టం, క్లచ్ గొట్టమో కేబులో, యాక్సిలరేటర్ కేబుళ్లు, స్విచ్‌ల వైర్లు అన్నీ దాంతోపాటు రావాలి. కంపెనీ వాటిని తన ఎత్తుకు సరిపడా కోసింది. అందుకే హ్యాండిల్‌ను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తిప్పి చూడాలి. లీవరు విండ్‌స్క్రీన్‌కు తగలకూడదు, బొటనవేలు ట్యాంకుకూ హ్యాండిల్‌కూ మధ్య నలగకూడదు. ముందు చక్రాన్ని నేల నుంచి లేపి మళ్లీ తిప్పాలి. అప్పుడు ఫోర్కు పూర్తిగా సాగుతుంది, కాలిపర్‌కు నేరుగా వెళ్లే గొట్టం అన్నిటికన్నా ఎక్కువ లాగబడేది అప్పుడే. ఆ తర్వాత ఇంజను ఐడిల్‌లో ఉంచి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా తిప్పాలి. ఇంజను శబ్దం ఏమాత్రం పెరిగినా కేబుల్ చాలడం లేదని అర్థం. ఇరుకు సందులో యూటర్న్ తీసుకునేటప్పుడు ఆ బండి దానంతటదే ముందుకు దూకుతుంది. సుమారు 290 కిలోల బండి అలా దూకితే కాళ్లతో ఆపడం మనిషి వల్ల కాదు. అలాంటప్పుడు కేబుల్ దారి మార్చాలి, లేదా పొడవైనది వేయాలి. వీలు కాకపోతే చిన్న రైజర్‌తో సరిపెట్టుకోవాలి. బ్రేకు గొట్టం మార్చాల్సి వస్తే లైనులోంచి ఎయిర్ పూర్తిగా తీశాకే బండి కదలాలి.

ఎత్తు మరీ పెంచినా నష్టమే. నిటారుగా కూర్చుంటే చేతుల మీది బరువు వెన్నెముక అడుగుకు చేరుతుంది, ప్రతి స్పీడ్‌బ్రేకర్ కుదుపూ నేరుగా నడుముకు తగులుతుంది. ముందు చక్రం మీద భారం తగ్గి స్టీరింగ్ తేలికవుతుంది, మలుపులో బండి మీద నమ్మకం సడలుతుంది. నింజా 1000ఎస్ఎక్స్ లాంటి బళ్ల మీద మన ఘాట్ రోడ్లకు వెళ్లేవాళ్లకు ఆ నమ్మకమే ముఖ్యం. బాధ పోయేంత ఎత్తు చాలు, అంతకు మించి ఒక్క మిల్లీమీటరు కూడా వద్దు.

రైజర్ వేయించుకునేవారు మెకానిక్ చేతిలో డబ్బు పెట్టేముందు ఒక్క పని చేయండి. ఇంజను నడుస్తుండగా మీ చేత్తోనే హ్యాండిల్‌ను రెండువైపులా చివరంటా తిప్పి, శబ్దం మారకపోతేనే బండి బయటికి తీయండి.