వర్డ్‌ప్యాడ్ లోపలి పనితనం

విండోస్ 11కి 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్‌లో వర్డ్‌ప్యాడ్ లేదు. విండోస్ 95తో పుట్టి, దాదాపు ముప్పై ఏళ్లు కంప్యూటర్‌తో పాటే ఉచితంగా వచ్చిన రాత ప్రోగ్రాం అది. తీసేస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులోనే చెప్పింది. డాక్, ఆర్‌టీఎఫ్ (రిచ్ టెక్స్ట్ ఫార్మాట్) ఫైళ్లకు వర్డ్ వాడుకోమని, ఉత్త టెక్స్ట్‌కు నోట్‌ప్యాడ్ చాలని సలహా కూడా ఇచ్చింది. చాలామంది పట్టించుకోలేదు. కానీ దాన్ని కట్టిన తీరు ఒకసారి దగ్గర్నించి చూసినవాళ్లు అంత తేలిగ్గా తీసుకోలేరు.

పాత విండోస్ కంప్యూటర్ ఏదైనా దొరికితే వర్డ్‌ప్యాడ్‌లో ‘తెలుగు’ అని కొట్టి, ఆర్‌టీఎఫ్‌గా సేవ్ చేసి, ఆ ఫైలునే నోట్‌ప్యాడ్‌లో తెరవండి. తెలుగు అక్షరం ఒక్కటీ కనిపించదు. 3108, 3142, 3122, 3137, 3095, 3137 అని ఆరు సంఖ్యలు కనిపిస్తాయి. వరసగా త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. లకిచ్చిన కొమ్మూ గకిచ్చిన కొమ్మూ ఒకటే కాబట్టి 3137 రెండుసార్లు వచ్చింది. అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్ పద్ధతిలో ఇవి మన అక్షరాల నంబర్లు. ఫైలంతా ఇంగ్లిష్ కీబోర్డు మీదుండే మామూలు గుర్తులతోనే ఉంటుంది కనుక ఎంత పాత యంత్రం గుండా వెళ్లినా చెడదు.

ప్రతి నంబరు వెనకా ఒక ప్రశ్నార్థకం ఉంటుంది. నాకు అన్నిటికంటే నచ్చేది అదే. ఆర్‌టీఎఫ్ 1987 నాటిది, యూనికోడ్ దాని తర్వాత వచ్చింది. యూనికోడ్ తెలిసిన ప్రోగ్రాం నంబరు చదివి అక్షరం చూపించి, ప్రశ్నార్థకాన్ని దాటేస్తుంది. తెలియని పాత ప్రోగ్రాం నంబరును దాటేసి, ప్రశ్నార్థకం చూపిస్తుంది. ఇక్కడో అక్షరం ఉంది, తనకు చదవడం రాలేదని దానర్థం. ఫైలు పాడవదు, ప్రోగ్రాం ఆగిపోదు. కొత్త సంగతి చేర్చాల్సి వచ్చినప్పుడు పాతవాళ్ల కోసం నక్షత్రం గుర్తు కూడా పెట్టారు. నక్షత్రంతో మొదలైన భాగం అర్థం కాకపోతే మొత్తంగా వదిలేయొచ్చు. ఫైలును ఏ ప్రోగ్రాం రాసిందో చెప్పే వివరం అలాంటి భాగంలోనే ఉంటుంది.

ఈ చదవడం, రాయడం అంతా నిజానికి వర్డ్‌ప్యాడ్ చేయదు. రిచ్‌ఎడిట్ అనే ఇంజను చేస్తుంది. దాని మీద ఏళ్ల తరబడి పనిచేసిన మర్రే సార్జెంట్ అంతకుముందు లేజర్ భౌతికశాస్త్రవేత్త, ఆ విషయం మీద పేరున్న పాఠ్యపుస్తక రచయితల్లో ఒకరు. వర్డ్‌ప్యాడ్ ఆ ఇంజనుకు తొడిగిన పల్చటి చొక్కా. అందుకే చటుక్కున తెరుచుకునేది. దాని సోర్స్ కోడ్‌ను మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్‌తో నమూనాగా ఇచ్చింది కూడా. సొంత ఎడిటర్ రాయాలనుకున్న ప్రోగ్రామర్లకు అదొక పాఠం.

స్పెల్‌చెక్ లేదు, ఫుట్‌నోట్లు లేవు. అయినా పక్కవాడి పని కూడా మీదేసుకునేది. విండోస్ 95, 98లలో నోట్‌ప్యాడ్ 64 కేబీ దాటిన ఫైలును తెరవలేకపోయేది. ఫైలు చాలా పెద్దది, వర్డ్‌ప్యాడ్‌లో చూస్తారా అని అడిగేది. యూనిక్స్‌లో తయారైన టెక్స్ట్ ఫైలు నోట్‌ప్యాడ్‌లో 2018 దాకా పేరాలన్నీ ఒకే వరసలో కలిసిపోయి కనిపించేది. వర్డ్‌ప్యాడ్‌లో ఏ లైనుకా లైను విడిగా ఉండేది. విండోస్ 7 నుంచి డాక్స్, ఓడీటీ ఫైళ్లూ తెరిచింది. వర్డ్ కొనలేని ఇంట్లో ఎవరైనా పంపిన దరఖాస్తు నమూనా చూసుకోడానికి అది చాలు.

తీసివేతలో అన్నీ పోలేదు. రిచ్‌ఎడిట్ విండోస్‌లోనే ఉంది, ఎన్నో ప్రోగ్రాములు దాని మీద నడుస్తున్నాయి. 2025లో నోట్‌ప్యాడ్‌కే బోల్డ్, ఇటాలిక్ వచ్చాయి, మార్క్‌డౌన్ అనే గుర్తుల పద్ధతిలో. లిబ్రేఆఫీస్ ఉచితంగా దొరుకుతుంది, ఆర్‌టీఎఫ్ చక్కగా తెరుస్తుంది.

నాకు బాధ కలిగించింది వర్డ్‌ప్యాడ్‌తో పాటు పోయిన ఇంకో చిన్న ఫైలు. విండోస్ మొదటి వెర్షన్‌లో, 1985లో, రైట్ అనే ప్రోగ్రాం ఉండేది. వర్డ్‌ప్యాడ్ వచ్చి దాని చోటు తీసుకున్నాక కూడా ఆ పేరుతో ఒక చిన్న ఫైలును ఉంచారు. దాని పనల్లా ఒక్కటే: ఎవరైనా రైట్‌ను పిలిస్తే వర్డ్‌ప్యాడ్‌ను తెరవడం. పాత అలవాటుతో ఆ పేరు కొట్టేవాళ్లకూ, ఆ పేరును నమ్ముకున్న పాత ప్రోగ్రాములకూ దారి తప్పకూడదని. విండోస్ రూపం ఎన్నిసార్లు మారినా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఈసారి దాన్నీ తీసేశారు. ఆ పేరును నోట్‌ప్యాడ్‌కైనా మళ్లించి ఉండాల్సింది.