బ్రాంచి కంటే ముందు మేస్త్రి

విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకుని, సొంత షెడ్డు పెట్టుకుని, ఆనక రెండో చోటా మూడో చోటా బోర్డు కట్టినవాళ్లు నాకు చాలామంది తెలుసు. నేనూ ఆ దారిలో నడుస్తున్నవాణ్నే. ఎవరు కలిసినా ఒకటే మాట: "బళ్లకేం కొదవలేదు, నమ్మకమైన మనుషులే దొరకడం లేదు."

ఈ మాటతో నాకు పేచీ ఉంది. నమ్మకమైన మనిషి బజార్లో కొనుక్కొచ్చే స్పేరు కాదు. షెడ్డులోనే తయారు కావాలి, దానికి ఏళ్లు పడుతుంది. బ్రాంచికి అంత కాలం అక్కర్లేదు. అడ్వాన్సు కట్టి, రెండు లిఫ్టులు బిగిస్తే నెల తిరక్కుండా మొదలైపోతుంది. మనుషులు తయారయ్యే వేగాన్ని షట్టర్లు లేచే వేగం దాటిపోయిన రోజునుంచే షెడ్డు పేరు చెడడం మొదలవుతుంది.

షెడ్డు పేరంటే ఏమిటి? ఎవరూ రాసిపెట్టని చిన్న చిన్న అలవాట్లు. చక్రం నట్లు ముందు చేత్తో పట్టించి, తర్వాత ఎదురెదురుగా బిగించడం, జాకీ దించాక మళ్లీ ఒకసారి బిగువు చూడడం. బ్రేక్ ప్యాడ్లు మార్చేటప్పుడు పిస్టన్‌ని వెనక్కి నెడతాం కాబట్టి, పని అయ్యాక మొదటిసారి తొక్కితే పెడల్ నేలదాకా దిగిపోతుంది. నాలుగుసార్లు తొక్కి, గట్టిపడిందని చూసుకోకుండా బండి కదిపితే, ఎదురుగా ఉన్న గోడో మనిషో దాన్ని ఆపాలి. ఇది తెలియని మెకానిక్ ఉండడు. తెలిసి కూడా, సాయంత్రం ఆరింటికి, కస్టమరు తలుపు దగ్గర నిలబడి తొందరపెడుతున్నప్పుడు, మరిచిపోకుండా చేసేవాడే అరుదు. ఆ అలవాటు రావాలంటే పక్కన మేస్త్రి నిలబడి, "ఒరేయ్ నాన్నా, పెడల్ తొక్కి చూశావా?" అని ప్రతి బండికీ అడగాలి. కుర్రాడికి విసుగొచ్చేదాకా అడగాలి. ఆ తర్వాత వాడే ఇంకొకణ్ని అడగడం మొదలుపెడతాడు.

ఇంకో అలవాటు దీనికంటే కష్టం. "సార్, ప్యాడ్లు ఇంకా బాగానే ఉన్నాయి, వచ్చే సర్వీసుకి చూద్దాం" అని చెప్పడం. ఆ మాటతో ఆ రోజు రావాల్సిన డబ్బు చేజారుతుంది. ఒక్క షెడ్డు ఉన్నప్పుడు ఓనరు అక్కడే ఉంటాడు, ఆ మాట చెవిన పడుతుంది, మనసులో మెచ్చుకుంటాడు. మూడు షెడ్లయ్యాక అతనికి రాత్రిపూట ఫోన్లో అంకెలే కనిపిస్తాయి. చెప్పిన నిజం ఏ అంకెలోనూ కనపడదు. అప్పుడే బ్రాంచికో టార్గెట్టు, అమ్మిన స్పేరుకో కమిషను పుట్టుకొస్తాయి.

అది ఎక్కడికి తీసుకుపోతుందో అమెరికాలో సియర్స్ కంపెనీకి జరిగినదాన్ని చూస్తే అర్థమవుతుంది. ఆ డిపార్ట్‌మెంట్ స్టోర్ల సంస్థకు దేశమంతటా కార్లు బాగుచేసే సెంటర్లు ఉండేవి, తరాలుగా నమ్మకం ఉండేది. అమ్మకాలు పెంచాలని సర్వీస్ అడ్వైజర్లకు కమిషను పెట్టారు. ఇన్ని అలైన్‌మెంట్లు, ఇన్ని స్ప్రింగులు, ఇన్ని బ్రేకు పనులు అని కోటా కట్టారు. ఫిర్యాదులు రావడంతో కాలిఫోర్నియా అధికారులు, చిన్న బ్రేకు పని తప్ప మరేమీ అక్కర్లేని కార్లను మామూలు కస్టమర్లలా తీసుకెళ్లి అప్పజెప్పారు. 38 సార్లు వెళ్తే 34 సార్లు అక్కర్లేని పని అంటగట్టారన్నది 1992 జూన్‌లో వాళ్లు మోపిన అభియోగం. అదే నెలలో కంపెనీ ఛైర్మన్ ఎడ్వర్డ్ బ్రెనన్ ఆ అడ్వైజర్లకు కమిషన్లూ కోటాలూ ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు.

ఆ సెంటర్లలో పనిచేసినవాళ్లంతా ఒక్కసారిగా దొంగలైపోయారని నేను అనుకోను. గోడ మీద నిజాయితీ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, పనివాడు చదివేది తన జీతం లెక్కనే. అందుకే మా దగ్గర స్పేరు మీద కమిషను లేదు, ఉండదు. తీసేసిన పాత సామాను కవర్లో పెట్టి కస్టమరు చేతికి ఇవ్వాలన్నది ప్రతి బ్రాంచిలోనూ నియమం.

బాగుచేశాక అదే కంప్లయింటుతో తిరిగొచ్చిన బండి విషయంలో కొందరు ఓనర్లు జీతం కోస్తారు. అది ప్రమాదం. కోత పెడితే తప్పులు తగ్గవు, దాచడం పెరుగుతుంది. కస్టమరుతో గేటు దగ్గరే ఏదో చెప్పి పంపేస్తారు, సంగతి మేస్త్రిదాకా రాదు. తిరిగొచ్చిన బండిని ఆ రోజు మొదటి పనిగా ఎక్కించి, అదే మెకానిక్ చేత, మేస్త్రిని పక్కన పెట్టి విప్పించాలి. డబ్బు నష్టం ఓనరుది. నేర్చుకునేది మాత్రం షెడ్డంతా.

మనుషుల్ని తయారుచేసుకునే వేగాన్ని మించి పెరిగితే వచ్చే ఇబ్బంది పెద్ద పద్ధతులున్నవాళ్లకూ తప్పలేదు. టయోటాలో లోపం కనిపిస్తే మామూలు కార్మికుడు కూడా తాడు లాగి లైను ఆపించవచ్చు. అలాంటి కంపెనీ 2008లో జనరల్ మోటార్స్‌ను దాటి అమ్మకాల్లో ప్రపంచంలో మొదటి స్థానానికి వచ్చింది. ఆ వెంటే లక్షలాది కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. 2010 ఫిబ్రవరిలో అమెరికా చట్టసభ కమిటీ ముందు కంపెనీ అప్పటి అధ్యక్షుడు అకియో టయోడా, తమ మనుషుల్నీ సంస్థనూ తీర్చిదిద్దుకోగలిగిన వేగాన్ని మించి పెరిగామని ఒప్పుకున్నారు. ఆ మాట ప్రతి గ్యారేజీ ఓనరూ చదవాలని నా కోరిక.

మన దగ్గర ఈ తొందరకు తోడు, బండి కంప్యూటర్‌లోని కోడ్‌లు చదివే స్కానర్ వచ్చింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాక అది లేకుండా షెడ్డు నడవదు. అయితే ఏ సర్క్యూట్లో తేడా ఉందో మటుకే అది చూపిస్తుంది. సెన్సరే పోయిందా, వైరును ఎలుక కొరికిందా అన్నది మల్టీమీటరు పట్టుకుని మనిషి తేల్చాలి. తొందరలో ఉన్న బ్రాంచిలో కోడ్ చూసి సెన్సర్ మార్చేస్తారు.

అందుకని నాకు తోచిన మార్గం ఒకటే. అద్దెకు స్థలం దొరికిందని బ్రాంచి తెరవకూడదు, పాత షెడ్డులో ఒక మేస్త్రి తయారయ్యాడు కాబట్టి తెరవాలి. అతనితో పాటు పాతవాళ్లు ఒకరిద్దరు వెళ్లాలి. కొత్త కుర్రాళ్లు పాత షెడ్డుకే రావాలి. ఒక మేస్త్రి కింద ఇద్దరు, మహా అయితే ముగ్గురు నేర్చుకునేవాళ్లకు మించి ఉంటే చూపు ఆనదు. దసరాకి ఆయుధ పూజ మాత్రం అన్ని బ్రాంచీలవాళ్లూ పాత షెడ్డులోనే చేసుకోవాలి. పని నేర్చుకున్న కుర్రాడికి సొంత స్పానర్ల పెట్టె అక్కడే, అందరి ముందూ ఇవ్వాలి. ఈ లెక్కన పోతే పక్కవాడు నాలుగు బోర్డులు కట్టేలోపు మనం ఒకటే కడతాం. బ్యాంకువాడు అప్పిస్తానన్నా ఆగాలి. నేను ఆగుతున్నాను.

బండి ఇచ్చే మీకూ ఒక మనవి. పాత సామాను అడిగి తీసుకోండి. "ఇప్పుడు అక్కర్లేదు సార్" అన్న మెకానిక్ దొరికితే, ఆ మాట అతని ఓనరుకు ఫోన్ చేసి చెప్పండి. అతని అంకెల్లో అది కనపడదు.