ఫైలెక్కడుందో తెలిసిన పనితనం

విండోస్‌లో తెర వెనక నడిచే సర్వీసు రాసేవాళ్ల పనితనం పైకి కనిపించదు గానీ, ఒక్క లైనులో తెలిసిపోతుంది: సెట్టింగుల ఫైలును ఎక్కడ వెతకమన్నారు? ఉత్త ఫైలు పేరు రాసి ఊరుకుంటే, ప్రోగ్రామరు తన మెషీన్లో నడిపినంతసేపూ అది దొరుకుతూనే ఉంటుంది. సర్వీసుగా పెట్టగానే దొరకదు. అప్పుడు ప్రోగ్రామును లేపేది సర్వీస్ కంట్రోల్ మేనేజర్. ఉత్త ఫైలు పేరును వెతికే ప్రస్తుత ఫోల్డరు విండోస్ కింది సిస్టమ్32 అవుతుంది. ఫైలు ఎగ్జిక్యూటబుల్ పక్కనే ఉన్నా, వెతుకులాట అక్కడెక్కడో సాగుతుంది. పని తెలిసినవాళ్లు ప్రస్తుత ఫోల్డరును నమ్మరు. డాట్‌నెట్‌లో యాప్‌కాంటెక్స్ట్ బేస్‌డైరెక్టరీని అడిగి, దానికి ఫైలు పేరు కలుపుతారు. అసెంబ్లీ లొకేషన్‌ను అడిగితే, ఒకే ఫైలుగా పబ్లిష్ చేసిన ప్రోగ్రాములో ఖాళీ స్ట్రింగే వస్తుందనీ వాళ్లకు తెలుసు.

పూర్తి పాత్ రాసేస్తే పోలా అంటారు. ఇన్‌స్టాల్ చేసేవారు డి డ్రైవ్ ఎంచుకున్న రోజున ఆ పాత్ పనికిరాదు. లినక్స్‌లో సెట్టింగులు ఈటీసీ కింద వేరుగా ఉంటాయి కదా అన్న అభ్యంతరం ఇంకా బలమైనది. నిజమే, విండోస్‌లోనూ ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మామూలు ఖాతాలకు రాసే హక్కుండదు కనుక, నడుస్తుండగా మారే డేటాకు ప్రోగ్రామ్‌డేటాయే తగిన చోటు. అయితే ఆ ఏర్పాటు చెప్పేదీ ఇదే: చోటును ముందే తేల్చుకోవాలి, ఎవరు లేపితే వారి దయకు వదిలేయకూడదు. సిస్టమ్‌డి లేపిన సర్వీసు వేరే చెప్పకపోతే రూట్ డైరెక్టరీలో మొదలవుతుంది. ఉత్త ఫైలు పేరు అక్కడా గల్లంతే. అర్ధరాత్రి సర్వరు రీస్టార్టయినా ఎవరికీ ఫోను రాకపోవడమే ఈ పనికి దక్కే మెప్పు.