కాడలే గోడలుగా

లావెండర్ కాడల్ని వెనక్కి వంచి, వాటి పూలమీదే పంజరంగా కప్పి, ఆ పంజరాన్ని రిబ్బనుతో అల్లితే తయారయ్యే వస్తువు ఒకటుంది. ఫ్రాన్స్ దక్షిణాన, ప్రొవాన్స్ ప్రాంతంలో దాన్ని ఫ్యూజో అంటారు. పట్టుకుంటే చేతిలో ఇమిడిపోతుంది. నడుమ లావుగా, కొసలు సన్నగా అచ్చం మన నేత కండెలా ఉంటుంది. బట్టల బీరువాలో మడతల మధ్య పెట్టుకోవడం కోసం చేసుకునే వస్తువు. జిగురు లేదు, సూది లేదు, కుట్టు లేదు. లావెండర్ పేరు చెప్పి సబ్బులు, కొవ్వొత్తులు, దిండ్లు, గది నిండా చల్లే స్ప్రేలు ఎన్నో అమ్ముతున్నారు గానీ, ఆ మొక్క స్వభావాన్ని ఇంతగా ఎరిగి చేసిన వస్తువు నాకు మరొకటి కనబడలేదు.

ముందు మొక్క సంగతి చూద్దాం. లావెండర్ మన తులసి, పుదీనా, మరువాల కుటుంబానికి చెందింది. (మరువంతో కలిపి మాలల్లో కట్టే దవనం మాత్రం చామంతి వైపు చుట్టం. వాసనలు కలిసినంత మాత్రాన కులాలు కలవవు.) ఊదారంగు రేకులే పరిమళం ఇస్తాయనుకుంటాం. భూతద్దం కింద పెడితే వేరే కథ. రేకుల అడుగున చిన్న గొట్టం లాంటి తొడుగు ఒకటి ఉంటుంది. దాని మీద నిలువుగా గట్లు, గట్ల మధ్య చాళ్లు, ఆ చాళ్లలో నక్షత్రాల్లా చీలిన నూగు, ఆ నూగు మాటున మెరిసే నూనె తిత్తులు. అసలు సరుకంతా అక్కడుంది. అందుకే రేకులు వాడి రాలిపోయినా వాసన పోదు. తొడుగు ఎండి గట్టిపడుతుంది, తిత్తులు అందులోనే భద్రంగా ఉంటాయి. వేళ్లతో నలిపినప్పుడు కొన్ని పగిలి గుప్పుమంటాయి, మిగిలినవి తమ వంతు కోసం ఆగుతాయి. అలా ఆగడం మీదే ఫ్యూజో పనితనమంతా ఆధారపడి ఉంది.

ప్రొవాన్స్‌లో కనబడే ఊదా పొలాలన్నీ ఒకే పంట కాదు. కొండల మీద, సుమారు 800 మీటర్లకు పైన పెరిగేది అసలు లావెండర్. దీన్ని విత్తనం నుంచి పెంచితే ఏ మొక్కకామొక్క కాస్త తేడాగా పూస్తుంది. అలా పండించి తీసిన ఒత్ ప్రొవాన్స్ నూనెకు 1981లో ప్రాంతీయ నాణ్యత గుర్తింపు కూడా వచ్చింది. వలాంసోల్ పీఠభూమి మీద ఫొటోల కోసం జనం ఎగబడే బారులు మాత్రం ఎక్కువగా లావెండిన్. అసలు లావెండర్‌కూ, కింది మెట్టల్లో పెరిగే వెడల్పాకు లావెండర్‌కూ పుట్టిన సంకరం. గొడ్డు మొక్క, గింజ కట్టదు, కొమ్మలు నాటే పెంచాలి. కిలో నూనె తీయడానికి అసలు లావెండర్ పూలు వంద కిలోలకు పైగా బట్టీలో వేయాలి. లావెండిన్ అయితే అందులో సగం కూడా అక్కర్లేదు. అయినా అత్తరు పనివాళ్లకు లావెండిన్ అంటే చిన్నచూపు. దాని వాసనలో కర్పూరపు ఘాటు ఎక్కువ, సౌకుమార్యం తక్కువ.

అల్లే చేతికి ఈ లెక్క తిరగబడుతుంది. అసలు లావెండర్ కాడ పొట్టిది. లావెండిన్ కాడ పొడుగ్గా, దృఢంగా సాగి, పూవెన్ను మీదికి పూర్తిగా వంచి కప్పినా ఇంకా పిడికి మిగులుతుంది. పైగా బట్టల పురుగు దగ్గరికి రాకుండా ఉండాలంటే కావలసింది ఆ కర్పూరపు ఘాటే. అత్తరు సీసాకు పనికిరాదన్న గుణం బీరువాకు వరమైంది.

నూనె కోసం కోసేవాళ్లు పూలు చాలావరకు విచ్చి వాడే దాకా ఆగుతారు. ఫ్యూజో కోసం అంత ఆగకూడదు. వెన్నులో మొదటి నాలుగు పూలు విచ్చి, మిగతావి మొగ్గలుగా ఉన్నప్పుడే కోయాలి. మంచు ఆరాక కోయాలి, లేకపోతే లోపల బూజు పడుతుంది. కోసిన రోజే అల్లాలి, ఆలస్యమైతే వంచినచోట కాడ పుటుక్కున విరుగుతుంది.

ఆకులు దూసేసి, వెన్నుల అడుగులు ఒకే మట్టానికి తెచ్చి, వాటి కింద రిబ్బనుతో బిగించి కడతారు. అయిదారు మిల్లీమీటర్ల వెడల్పు, రెండుమూడు మీటర్ల పొడవున్న రిబ్బను సరిపోతుంది. ఒక కొసను కాడంత పొడవు వదిలి, పూలలో దాచేస్తారు. చివర్లో దానితో పని ఉంది. తర్వాత కట్టను తలకిందులుగా పట్టుకుని, కట్టు దగ్గర ఒక్కొక్క కాడనూ బొటనవేలి గోటితో మెల్లగా నొక్కి వంచుతారు. నొక్కు ఎక్కువైతే కాడ తెగుతుంది, తక్కువైతే వంగనని మొరాయిస్తుంది. అన్నీ వంచాక పూలు లోపలికి పోతాయి, చుట్టూ కాడలు ఊచల్లా నిలుస్తాయి. ఇక పొడుగు కొస పట్టుకుని ఒక కాడ పైనుంచి, పక్క కాడ కిందనుంచి చుట్టుకుంటూ అల్లిక మొదలు.

మొదటి రెండుమూడు వరసలు ఎవరికైనా చిరాకే. కాడలన్నీ ఒకచోట కిక్కిరిసి ఉంటాయి, ఏది పైది, ఏది కిందిది తెలియదు, రిబ్బను మెలి పడుతుంది. చేయి తిరిగినవాళ్లు కూడా ఇక్కడ మాటలు ఆపేస్తారు. కాస్త కిందికి దిగాక పూల లావుకు ఊచలు విడివడతాయి. అక్కడినుంచి గళ్లు వాటంతటవే తీరుతాయి.

కాడల సంఖ్య ఎప్పుడూ బేసిలోనే ఉండాలి: 19, 21, 23. దీనికి శాస్త్రమూ శకునమూ ఏమీ లేవు, ఒట్టి లెక్క. రిబ్బను ఒక్కటే, అది ఎక్కడా తెగకుండా చుట్లు తిరుగుతూ దిగుతుంది. కాడలు సరిసంఖ్యలో ఉంటే రెండో చుట్టులోనూ మొదట ఎక్కిన కాడ మీదికే మళ్లీ ఎక్కుతుంది, మొదట దూరిన కాడ కిందికే మళ్లీ దూరుతుంది. గళ్లు రావు, నిలువు చారలొస్తాయి, రిబ్బను ఎక్కడా కరిచిపట్టదు. బేసి అయితే ప్రతి చుట్టుకూ ఒక కాడ జరిగి పైది కిందికి, కిందిది పైకి మారుతుంది. ఒకే బద్దతో గుండ్రంగా అల్లే బుట్టకూ నిలువు బద్దల లెక్క ఇదే. లావు ఫ్యూజోల్లో కాడల్ని జంటలుగా తీసుకుంటారు. అప్పుడు జంటల సంఖ్య బేసి కావాలి. 22 కాడలంటే 11 జంటలు, పని జరుగుతుంది. 24 తీసుకుంటే 12 జంటలై అల్లిక చెడుతుంది.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది చివరి ముడి. పచ్చి కాడ ఎండుతూ సన్నబడుతుంది, పూలు కుంచించుకుపోతాయి. ఇవాళ బిగుతుగా ఉన్న అల్లిక కొన్ని వారాల్లో వదులవుతుంది. ఆ సంగతి ముందే తెలిసిన చేయి రెండు జాగ్రత్తలు తీసుకుంటుంది. మొదటిది, ప్రతి వరసనూ లాగి, పై వరసకు ఆనేలా నెట్టి అల్లడం. రెండోది, పూలు అయిపోయిన మెడ దగ్గర పీటముడి వేయకపోవడం. లోపల దాచిన చిన్న కొస ఇప్పుడు బయటికొస్తుంది. అల్లిన కొసనూ దీన్నీ కలిపి విప్పడానికి వీలుగా రిబ్బను పువ్వు వేస్తారు. కాడలు ఎండాక ముడి విప్పి, వరసల్ని పైనుంచి ఒక్కొక్కటిగా సర్దుకుంటూ వదులునంతా కిందికి దించి, మళ్లీ బిగిస్తారు. అందానికి వేశారనుకునే ఆ పువ్వు ఆ తర్వాతి బిగింపు కోసం పెట్టుకున్న తలుపు. ఇంకా చేతిలో ఆరని వస్తువుకు, ఎండాక ఎలా మారుతుందో ఊహించి ముందే వీలు కల్పించడాన్నే నేను పనితనమంటాను.

ఇంతా చేసి దీని ఉపయోగం చాలా సాదా. ఎండిన పూలు అల్లిక దాటి రాలవు, గాలి మాత్రం సందుల్లోంచి తిరుగుతుంది. వాసన తగ్గిందనిపిస్తే ఒకసారి గట్టిగా నొక్కితే చాలు, ఆగి ఉన్న తిత్తులు మరికొన్ని పగులుతాయి. అలా ఏళ్ల తరబడి వాడుకుంటారు. పట్టుచీరల మధ్య పెట్టుకోవాలనుకునే మన ఇళ్లకు ఇందులో ఒక సౌకర్యముంది. నూనె చుక్క పడితే పట్టు మీద మరక తప్పదు, ఫ్యూజో పొడిది కాబట్టి ఆ భయం లేదు. పురుగును ఇది చంపదు, దూరంగా ఉంచుతుందంతే. చీరల్ని అప్పుడప్పుడూ తీసి మడతలు మార్చి గాలికి ఆరేసే పని మనకు తప్పదు.

మరి ఇక్కడ పెంచుకోగలమా? సున్నం కలిసిన గుల్ల నేల, చల్లని కొండగాలి, పొడి వేసవి లావెండర్‌కు పుట్టిల్లు. మన మైదానాల్లో దాన్ని చంపేది ఎండ కన్నా వానాకాలపు ముసురు. వేరు నీళ్లలో నానితే బతకదు. ఇసుక బాగా కలిపిన మట్టికుండీలో, చూరు కింద, చేత్తో తడి చూసి నీళ్లు పోస్తే మొక్క నిలవచ్చు గానీ, ఫ్యూజోకు చాలినన్ని పొడుగు కాడలు ఆశించకండి. మన దేశంలో ఆ పంట కుదురుకున్నది జమ్మూకశ్మీర్ దోడా జిల్లాలోని భదర్వాలో. అక్కడ మొక్కజొన్న వదిలి దీనికి మారిన రైతులకు జమ్మూలోని సీఎస్‌ఐఆర్ పరిశోధన సంస్థ అరోమా మిషన్ కింద నారు ఇచ్చింది, బట్టీలు పెట్టించింది. అమెరికాలో సియాటిల్‌కు చేరువలోని సెక్విమ్ కూడా లావెండర్‌కు పేరుపడ్డ ఊరే. ఆ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు పెరట్లోనే కావలసినన్ని కాడలు దొరుకుతాయి.

కొనాలనుకునేవాళ్లకు ఒక మాట. ముందుగా గళ్లు చూడండి. పై కొన దగ్గర కూడా వరసలు తప్పకుండా దిగాయంటే అది తొందర లేని చేతి పని. రెండు వేళ్లతో మెల్లగా నొక్కండి, రిబ్బను జారితే ఎండాక మళ్లీ బిగించలేదని అర్థం. వంచినచోట విరిగిన కాడలుంటే వదిలేయండి. ముక్కు దగ్గర పెట్టుకోగానే ఊపిరాడనంత ఘాటు వచ్చిందంటే పైన నూనె చల్లి ఉంటారు. మంచి ఫ్యూజో నొక్కితేగానీ మాట్లాడదు.