అఫ్రొడైటీ దేవియు మన శృంగార విమర్శయు

కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతపు పల్లెలలో ఫాల్గుణ పూర్ణిమను కాముని పున్నమ యందురు. పిల్లలు జాజిరి పాటలు పాడుచు కట్టెలు, పిడకలు సేకరించి కాముని దహింతురు. మరునాడు ఊరంతయు రంగులాడును. శివుని కంటిమంటకు కాముని దేహమే కాలినదనియు, అనంగుడై యతడు లోకముననే యున్నాడనియు మన పురాణమే చెప్పుచున్నది. ఈ సంగతిని మన కావ్యవిమర్శకులు పలుమారులు విస్మరించిరి.

గ్రీకుల ప్రణయదేవత అఫ్రొడైటీ. ఆమె సముద్రపు నురుగునుండి పుట్టినదని హెసియడు చెప్పెను. హోమరు ఆమెను జ్యూసు కుమార్తె యనెను. ఒడిస్సీలో ఆమె భర్తను వంచించి ఏరీసుతో కూడి, భర్త పన్నిన వలలో చిక్కి దేవతల నవ్వులపాలగును. ఇట్టి కథలను మొదట నిందించినవారము మనము కాము. దేవతలకు వ్యభిచారము నంటగట్టిన కవులను గ్రీకు తత్త్వవేత్త క్సెనోఫనీసే అధిక్షేపించెను. ఈ వలకథ యువకులు వినదగినది కాదని ప్లేటో తలచెను. ఈ యభ్యంతరము సహేతుకమే.

కాని గ్రీకు సాహిత్యము అంతటితో నాగలేదు. క్రీ.పూ. 428లో ప్రదర్శితమైన యూరిపిడీసు నాటకమున హిప్పోలిటసు బ్రహ్మచర్యాభిమానముచే ఈ దేవికి నమస్కరింపను గూడ నొల్లడు. ఆమె పగబట్టి సవతితల్లి ఫీడ్రాకు అతనిపై మోహము గలిగించును. ఫీడ్రా ఉరివేసికొనును, హిప్పోలిటసు తండ్రి శాపమున మడియును. కవి దేవిని పొగడలేదు. కామమును పూజించుట వేరు, అది లేనట్లు నటించుట వేరు అని మాత్రము చూపెను. అంతకు పూర్వమే కవయిత్రి శాఫో ఈ దేవినే చెలినివలె పిలిచి తన వలపును విన్నవించుకొనెను. ఆడుది తన హృదయమును తానే విప్పి చెప్పుటకు అచ్చట దేవతయే సాక్షి యయ్యెను.

మన యొద్ద నేమి జరిగెను? 18వ శతాబ్దిలో తంజావూరి ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ రచించెను. అందు అలిగిన రాధకును ఆమె కోరికకును ప్రాధాన్యము గలదు. వీరేశలింగము పంతులుగారు దానిని స్త్రీలు వినదగనిదని నిరసించిరి. 1881లో రాజమహేంద్రవరమున వితంతు వివాహము జరిపించి, స్త్రీకి మరల దాంపత్యము న్యాయమని చాటిన మహనీయుడే ఆయన! బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో ఆ కావ్యమును సమగ్రముగ ముద్రించి, పురుషుల శృంగారకావ్యముల కీ నియమము లేదా యని ప్రశ్నించిరి. పంతులుగారే పరిష్కరించిన ‘వైజయంతీవిలాసము’ను చూపిరి. ప్రభుత్వము పుస్తకమును నిషేధించెను. టంగుటూరి ప్రకాశముగారు మదరాసు ప్రధానిగా నున్న కాలమున (1946-47) గాని ఆ నిషేధము తొలగలేదు.

ప్రతి గ్రంథమును బాలికల చేతి కీయవలెనని నా వాదము కాదు. వయస్సునుబట్టి పఠనము నేర్పరచుట పెద్దల విధి. కాని కొలత యొక్కటిగ నుండవలెను. పురుషుడు వర్ణించినప్పుడు రసమైనది స్త్రీ పలికినంతనే దోషమగునా? వివాహమున కన్య యిష్టము నడుగవలెనని వాదించు మనము, ఆ యిష్టమును పలుకు భాషను ఆమెకు నిషేధించినచో, మన సంస్కారము సగముననే నిలిచిపోవును.