టోపీ నప్పని నర్సు

1854 నవంబర్‌లో ఫ్లారెన్స్ నైటింగేల్ టర్కీలోని స్కుటారి సైనికాసుపత్రి నుంచి లండన్‌లో తనకి తెలిసిన డాక్టరుకి ఉత్తరం రాసింది. క్రిమియా యుద్ధంలో గాయపడ్డవాళ్ళు ఓడల్లో వచ్చిపడుతున్న రోజులు. అంత ఘోరం మధ్యలో ఆ ఉత్తరంలో ఒక నర్సు ఫిర్యాదు కూడా ఉంది. అన్నిటికీ సిద్ధపడే వచ్చిందట గానీ, ఈ టోపీల సంగతి ముందే తెలిస్తే బయల్దేరేదే కాదట. ఒకటే రకం టోపీ అందరి ముఖాలకీ ఎలా నప్పుతుందన్నది ఆమె బాధ.

నైటింగేల్ దీన్ని నవ్వులాటగానే రాసింది. చదివినప్పుడు నేనూ నవ్వాను. కానీ నర్సు యూనిఫాం గురించి ఇంత సూటి విమర్శ నాకు మరెక్కడా కనపడలేదు. అవతల మనుషులు చస్తుంటే టోపీ గోలేంటి అనొచ్చు. ఆమె అడిగింది టోపీ గురించి మాత్రమే కాదు. పనికి ఒప్పుకున్నాను, ముఖం కూడా ఇచ్చెయ్యాలా అని అడిగింది.

నిజానికి యూనిఫాం వెనక బలమైన కారణమే ఉంది. అంతకు పదేళ్ళ ముందే డికెన్స్ ‘మార్టిన్ చజిల్‌విట్’ నవలలో సారా గ్యాంప్ అనే తాగుబోతు నర్సుని సృష్టించాడు. జీతానికి పనిచేసే నర్సంటే జనానికి గుర్తొచ్చే బొమ్మ అదే. దాన్ని చెరపాలి. అందుకే నైటింగేల్ వెంట వెళ్ళిన 38 మందిలో జీతపు నర్సులకి బూడిదరంగు ట్వీడ్ గౌను, తెల్ల టోపీ, పొట్టి ఉన్ని క్లోకు, ‘స్కుటారి హాస్పిటల్’ అని ఎర్రగా కుట్టిన కండువా ఇచ్చారు. కొలతలు తీసి కుట్టినవి కావు. ఎవరికి ఏది దొరికితే అది. సన్యాసినులు మాత్రం తమ మఠం దుస్తుల్లోనే ఉన్నారు. అంటే మర్యాదని బట్టల రూపంలో నిరూపించుకోవాల్సింది కూలి తీసుకునేవాళ్ళే. సైనికులు తిరిగే వీధుల్లో ఆ కండువా వాళ్ళకి రక్షణే, కాదనను. రక్షణకీ ముద్రకీ ఒకటే గుడ్డ సరిపోయింది.

ఈ చరిత్ర చదువుతుంటే నాకొక ప్రశ్న అలవాటైంది: ఈ వస్తువు ఎవరివైపు చూస్తోంది? గంజి పెట్టిన కాలరు, టోపీ మనవైపు చూస్తాయి. అమెరికాలో ఒక్కో నర్సింగ్ స్కూలుకి ఒక్కో ఆకారం టోపీ, దాన్ని తలమీద పెట్టడానికి ప్రత్యేకంగా ఒక వేడుక, హోదాని చెప్పడానికి నల్ల పట్టీ. అన్నీ చూసేవాళ్ళ కోసమే. ఛాతీమీద పిన్నుకి వేలాడే గడియారం అలా కాదు. మనకి తలకిందులుగా కనిపిస్తుంది, తల వంచితే ఆమెకి సరిగ్గా కనిపిస్తుంది. ఒక చెయ్యి రోగి నాడి మీద ఉండగా సెకన్లు లెక్కపెట్టుకోవడానికి అది ఆమె సొంత పనిముట్టు. మొత్తం యూనిఫాంలో ఆమెవైపు తిరిగి ఉన్న అలంకారం నాకు తెలిసి ఇదొక్కటే.

ఏది నిలిచిందో చూడండి. 1970, 80ల్లో అమెరికన్ ఆసుపత్రుల్లో టోపీ దాదాపు మాయమైంది. పనికి అడ్డం, శుభ్రం ఉంచడం కష్టం, వృత్తిలోకి వస్తున్న మగవాళ్ళకి అసలు లేదు. గడియారం మాత్రం మిగిలింది. 2008లో ఇంగ్లండ్ ఆసుపత్రులు మోచేతి కింద ఏమీ ఉండకూడదన్నాక దాని అవసరం ఇంకా పెరిగింది.

మన సినిమా ఈ సంగతిని ఇంకో వైపు నుంచి పట్టుకుంది. 1960లో గుత్తా రామినీడు తీసిన ‘చివరకు మిగిలేది’లో సావిత్రి నర్సు. బెంగాలీ ‘దీప్ జ్వేలే జాయ్’కి రీమేక్. తర్వాత హిందీలో ‘ఖామోషీ’గా వచ్చిందీ ఇదే కథ. మానసిక రోగికి నయం కావడానికి నర్సు ప్రేమ నటించాలి, అది డాక్టరు ప్రయోగం. రోగి బాగవుతాడు, ఆమె చివరికి తానే రోగి అవుతుంది. దీన్ని అందరూ త్యాగం కథ అంటారు. నాకైతే ఇది యూనిఫాం కథ. లోపల మనిషి లేదని ఆ తెల్లబట్ట డాక్టరుకి హామీ ఇస్తుంది, డాక్టరు నమ్ముతాడు. కథ సాంతం ఆ హామీ అబద్ధమని చెబుతుంది. అయినా బలయ్యేది నమ్మినవాడు కాదు, తొడుక్కున్నామె.

మనం ఇప్పటికీ “సిస్టర్” అనే పిలుస్తాం. సన్యాసినుల నుంచి వచ్చిన పిలుపు అది. టోపీ పోయినా పిలుపు పోలేదు. మర్యాదగానే ఉంటుంది, పేరు అడిగే పని కూడా తప్పిస్తుంది. రోజూ మెడలో ఐడీ కార్డు వేసుకుని ఆఫీసుకి వెళ్ళే నాకు దాని మీదున్న నా ఫోటో ఎదుటివాళ్ళవైపే చూస్తుందని తెలుసు. కానీ నేను సాయంత్రం దాన్ని తీసి బ్యాగులో పడేస్తే నన్నెవరూ ఏమీ అనరు. నర్సు మాత్రం డ్యూటీ దిగాక కూడా త్యాగమూర్తిగానే ఉండాలి, జీతం పెంచమని అడిగిందంటే మనకి ఆశ్చర్యం. ఆ టోపీని మాత్రం మనం ఇంకా తియ్యనివ్వలేదు.